ఈ టెస్ట్ ఎక్కడ అబద్ధం చెప్తుంది? – బ్యాక్టీరియాని గుర్తుపట్టడం గురించి ఒక ప్రసంగం

(మైక్రోబయాలజీ విద్యార్థులకి చేసిన ప్రసంగం. రానివాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

వెనక వరసకి వినిపిస్తోందా? సరే. ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ చేతికి ఒక ప్లేటు, అంటే బ్యాక్టీరియాని పెంచే మూత పళ్ళెం, ఇచ్చి, దీని మీద పెరిగింది ఏ బ్యాక్టీరియానో చెప్పండి అన్నాననుకోండి, మీరు చేసే మొట్టమొదటి పని ఏంటి? గ్రామ్ స్టెయిన్, అంటే రంగు వేసి చూడటం... ఇంకా? పీసీఆర్, డీఎన్‌ఏని వెతికి పట్టే టెస్టు... అక్కడెవరో మాల్డీ అన్నారు, బ్యాక్టీరియా ప్రోటీన్లని తూచే మెషీన్. ఎవరూ తప్పు చెప్పలేదు, ఇవన్నీ చెయ్యాల్సినవే. కానీ నేనైతే మొదట ఆ ప్లేటుని వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూస్తాను. ఊరికే చూడటం, అంతే. దీని మీద ఒకటే రకం ఉందా, రెండు రకాలున్నాయా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాకుండా మిగతా ఏ టెస్టుకి వెళ్ళినా దాని ఫలితానికి అర్థం ఉండదు. మళ్ళీ చెప్తున్నా, అర్థం ఉండదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇవాళ నేను మాట్లాడేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మన ల్యాబ్‌లో ఉన్న ప్రతి టెస్టూ ఎక్కడో ఒకచోట అబద్ధం చెప్తుంది. చవకదైనా ఖరీదైనదైనా, నూట నలభై ఏళ్ళనాటిదైనా నిన్నమొన్న వచ్చినదైనా సరే. ప్రొసీజర్ పుస్తకంలో ఉంటుంది, చదివితే ఎవరికైనా వస్తుంది. అది ఎక్కడ అబద్ధం చెప్తుందో మాత్రం బెంచి దగ్గర నిలబడి నేర్చుకోవాలి. నాకు ఆ రెండోది చెప్పాలని ఉంది.

ముందు ప్యూర్ కల్చర్, అంటే ఒకే రకం బ్యాక్టీరియాని విడిగా పెంచడం. ఒక గదిలో ఇరవై మంది ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరు ఏమన్నారో చెప్పగలరా? ఒక్కొక్కళ్ళనీ బయటికి పిలిచి అడిగితేనే తెలుస్తుంది. క్షయ క్రిమిని కనిపెట్టిన జర్మన్ డాక్టరు రాబర్ట్ కాక్ కాలంలో అదే సమస్య. ద్రవంలో పెంచితే అన్నీ కలిసిపోయేవి. ఉడకబెట్టిన బంగాళదుంప ముక్కల మీద వేసి చూశాడు, విడివిడిగా పెరిగాయి కానీ చాలా బ్యాక్టీరియాకి అది సరిపడలేదు. తర్వాత జెలటిన్ కలిపి గట్టిపరిచాడు, దాంతో ఇంకో చిక్కు, మన శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీలు కదా, అక్కడ పెడితే జెలటిన్ కరిగిపోతుంది, పైగా కొన్ని బ్యాక్టీరియా జెలటిన్‌నే తినేస్తాయి. అప్పుడు ఆయన ల్యాబ్‌లో పనిచేస్తున్న వాల్తర్ హెస్సె భార్య ఫానీ హెస్సె, తన వంటలో వాడే, సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ పెట్టి చూడమని చెప్పింది. నీళ్ళు మరిగే దగ్గరికి వెళ్తేగానీ అగర్ కరగదు, ఒకసారి కరిగాక దాదాపు 40 డిగ్రీలకి దిగేదాకా గట్టిపడదు, దాన్ని తినే బ్యాక్టీరియా కూడా చాలా తక్కువ. 1882లో క్షయ క్రిమి గురించి కాక్ రాసిన వ్యాసంలో అగర్ ప్రస్తావన ఉంది, ఆమె పేరు లేదు. అందుకే నేను ప్రతి బ్యాచ్‌కీ ఆ పేరు చెప్తాను. మీరు రోజూ ముట్టుకునే పదార్థం అది, ఎవరు ఇచ్చారో తెలిసి ఉండాలి. 1887లో పెట్రి ఆ మూత ఉన్న పళ్ళేన్ని తయారుచేశాడు, ఈరోజుకీ అదే వాడుతున్నాం.

స్ట్రీకింగ్ గురించి, అంటే లూప్ అనే తీగతో బ్యాక్టీరియాని ప్లేటు మీద పల్చగా గీయడం గురించి, ఎక్కువ చెప్పను, మీకొచ్చు. నాలుగు భాగాలు, ప్రతి భాగం తర్వాత లూప్‌ని కాల్చి చల్లార్చాలి, చివరి భాగంలో విడి కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపుగా పెరిగి కంటికి కనబడే చుక్కలు, రావాలి. చల్లార్చడం మర్చిపోకండి, వేడి లూప్ పెడితే బ్యాక్టీరియా అక్కడే చచ్చిపోయి, చుక్కలు గాల్లోకి చిమ్ముతాయి.

ఇక ఇక్కడ అబద్ధం ఎక్కడుంది? విడి కాలనీ అంటే ప్యూర్ అనుకోవడంలో ఉంది. నా అనుభవం ఒకటి చెప్తా. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్ని రకాలనే పెరగనిచ్చే మెకాంకీ ప్లేటు మీద చక్కటి గులాబీ రంగు కాలనీ ఒకటి, చుట్టూ ఏమీ లేదు, ఒంటరిగా ఉంది. దాన్ని తీసి నేరుగా బయోకెమికల్ టెస్టులకి, అంటే ఏ పదార్థాన్ని ఏం చేస్తుందో చూసే టెస్టులకి, పెట్టేశాను. వచ్చిన ఫలితాలు ఏ పట్టికకీ సరిపోలేదు. మళ్ళీ పెట్టాను, ఈసారి ఇంకోరకంగా వచ్చాయి. రెండు రోజులు రీఏజెంట్లని అనుమానించాను, కొత్తవి తయారుచేశాను. మూడో రోజు మా సీనియర్ మేడమ్ వచ్చి, బ్లడ్ అగర్ మీద వేసి చూశావా బాబూ అని అడిగారు. అది రక్తం కలిపిన ప్లేటు, దాదాపు అన్నీ పెరుగుతాయి. వేస్తే పెద్ద కాలనీల మధ్యలో సన్నటి చుక్కల్లాంటి వేరే కాలనీలు. అంటే ఏంటి? మెకాంకీలో బైల్ సాల్ట్స్, క్రిస్టల్ వయొలెట్ ఉంటాయి, అవి గ్రామ్ పాజిటివ్ వాటిని, అంటే గ్రామ్ స్టెయిన్‌లో ఊదారంగు నిలిచేవాటిని, పెరగనివ్వవు. గమనించండి, పెరగనివ్వవు అన్నాను, చంపేస్తాయి అనలేదు. ఆ అణగదొక్కబడ్డవి ఆ కాలనీ కిందా చుట్టూ కనబడకుండా బతికే ఉంటాయి, లూప్‌తో తీసినప్పుడు వెంట వచ్చేస్తాయి, మామూలు ద్రవంలో పడగానే లేచి కూర్చుంటాయి. అందుకని మెకాంకీ లాంటి సెలెక్టివ్ మీడియా మీంచి తీసిన కాలనీని బ్లడ్ అగర్ లాంటి నాన్ సెలెక్టివ్ ప్లేటు మీద ఇంకోసారి స్ట్రీక్ చేయకుండా ఏ టెస్టుకీ పెట్టకండి. ఒక రోజు ఆలస్యమవుతుంది. అవనివ్వండి. నాకు మూడు రోజులు పోయాయి.

ప్రోటియస్ సంగతి తెలుసు కదా, బ్లడ్ అగర్ మీద అలలు అలలుగా పాకుతూ ప్లేటంతా కప్పేస్తుంది, దాని కింద ఇంకేం దాక్కున్నా కనబడదు. అది కనబడితే మెకాంకీ ప్లేటు కూడా చూడాలి, అక్కడ అలా పాకదు.

ఇంకొకటి, దయచేసి గుర్తుపెట్టుకోండి. మూత తీసి వాసన చూడకండి. సూడోమొనాస్‌కి ద్రాక్షపళ్ళ వాసన వస్తుందని పాత పుస్తకాల్లో రాసి ఉంటుంది, నిజమే వస్తుంది, కానీ ఆ ప్లేటులో ఉన్నది బ్రుసెల్లా అయితే? ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళకి సోకే జబ్బుల్లో బ్రుసెల్లా ముందు వరసలో ఉంటుంది, ముక్కు ద్వారా పోతే కొద్దిపాటి సంఖ్య చాలు. వాసన దానంతటది వస్తే రాసుకోండి, మీరై మీరు ముక్కు దగ్గర పెట్టుకోవద్దు.

గ్రామ్ స్టెయిన్ దగ్గర కాసేపు ఆగుదాం

హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ డెన్మార్క్ మనిషి, 1884లో బెర్లిన్‌లో పనిచేస్తూ ఈ పద్ధతి ప్రచురించాడు. ఆయన బ్యాక్టీరియాని రెండు జాతులుగా విడగొడదామని కూర్చోలేదు. న్యుమోనియాతో చనిపోయినవాళ్ళ ఊపిరితిత్తుల ముక్కల్లో కణజాలం ఒక రంగులో, బ్యాక్టీరియా ఇంకో రంగులో కనబడాలని చూశాడు, అంతే. కొన్నిటికి రంగు నిలిచింది, టైఫాయిడ్ బ్యాక్టీరియా లాంటి వాటికి పోయింది. తన పద్ధతి ఇంకా లోపాలున్నదేననీ, ఇతరులకి పనికొస్తుందని ఆశిస్తున్నాననీ ఆయనే ఆ వ్యాసంలో రాసుకున్నాడు. ఎరుపు రంగు సఫ్రానిన్ కూడా ఆయనది కాదు, తర్వాత వేరేవాళ్ళు చేర్చారు.

అసలు జరిగేది ఏంటి? క్రిస్టల్ వయొలెట్ వేస్తే అన్నీ ఊదారంగు అవుతాయి, పాజిటివ్ నెగటివ్ తేడా లేదు. అయోడిన్ వేస్తే రంగుతో కలిసి పెద్ద ముద్దగా మారుతుంది. ఇప్పటిదాకా కూడా తేడా లేదు. తేడా అంతా ఆల్కహాల్ పోసిన ఆ కొద్ది సెకన్లలోనే. గ్రామ్ పాజిటివ్‌కి పెప్టిడోగ్లైకాన్ గోడ మందం, ఆల్కహాల్ తగలగానే అందులో నీరు పోయి గోడ బిగుసుకుపోతుంది, రంగు ముద్ద లోపలే చిక్కుకుపోతుంది. గ్రామ్ నెగటివ్‌కి బయట కొవ్వు పొర ఉంటుంది, అది ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, లోపలి గోడ పల్చన, రంగు కారిపోతుంది. కారిపోయినవాటికి సఫ్రానిన్ ఎరుపునిస్తుంది.

ఇంత పని జరిగేది ఆ కొద్ది సెకన్లలో కాబట్టి తప్పు కూడా అక్కడే జరుగుతుంది. ఆల్కహాల్ ఎక్కువసేపు పోస్తే పాజిటివ్ కూడా ఎర్రబడుతుంది, తక్కువ పోస్తే నెగటివ్ కూడా ఊదాగా మిగులుతుంది. స్మియర్, అంటే స్లైడు మీద రాసిన పూత, మందంగా వేస్తే ఎన్ని సెకన్లు పోసినా ఏదో ఒకవైపు తప్పే. మరి అన్నీ సరిగ్గా చేసినా? అప్పుడు కూడా మోసపోవచ్చు. కల్చర్ పాతబడితే, అంటే ఒక రోజు దాటితే, గ్రామ్ పాజిటివ్‌ల గోడ దెబ్బతిని ఎరుపు, ఊదా కలగలిపి కనబడతాయి, బేసిల్లస్ జాతిలో ఇది బాగా చూస్తాం. రోగి అప్పటికే యాంటీబయాటిక్ వాడుతుంటే కూడా అంతే. అసినెటోబ్యాక్టర్ నెగటివే అయినా ఊదారంగుని పట్టుకుని వేలాడుతుంది. మైకోప్లాస్మాకి అసలు గోడే లేదు. క్షయ బ్యాక్టీరియా గోడలో మైకోలిక్ యాసిడ్ మైనంలా ఉంటుంది, ఈ రంగు సరిగ్గా లోపలికే పోదు, దానికి జీల్ నీల్సన్ పద్ధతిలో వేడి చేసి కార్బల్ ఫుక్సిన్ ఎక్కించాలి, ఎక్కాక యాసిడ్ పోసినా వదలదు.

అయితే ఏం చెయ్యాలి? మీ స్లైడు మీదే ఒక పక్క స్టెఫైలోకాకస్ ఆరియస్, ఇంకో పక్క ఈకోలి వేసుకోండి, మధ్యలో మీది. ఆ రెండూ సరిగ్గా వస్తేనే మధ్యలోది చదవండి. అనుమానం ఉంటే 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో కాలనీని కలిపి లూప్ పైకెత్తండి. గ్రామ్ నెగటివ్ అయితే కణాలు పగిలి డీఎన్‌ఏ బయటికొచ్చి తీగలా సాగుతుంది. పాజిటివ్ అయితే నీళ్ళలాగే ఉంటుంది. అర నిమిషం పని. రంగుతో సంబంధం లేని సాక్ష్యం కాబట్టి నాకు ఇదంటే చాలా ఇష్టం.

ఇప్పుడు కేటలేజ్, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని విడగొట్టే ఎంజైమ్ ఉందో లేదో చూసే టెస్టు. స్లైడు మీద కాలనీ పెట్టి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బుడగలు. గ్రామ్ పాజిటివ్ కోకై (గుండ్రటివి) అయితే బుడగలొస్తే స్టెఫైలోకాకస్ వైపు, రాకపోతే స్ట్రెప్టోకాకస్ వైపు. దీనికంటే తేలికైన టెస్ట్ లేదు కదా? ఇందులో అబద్ధం ఎక్కడుంది చెప్పండి. ...అవును, రక్తం! బ్లడ్ అగర్ మీంచి తీసేటప్పుడు లూప్‌కి కాస్త అగర్ అంటుకొస్తే ఆ ఎర్రరక్తకణాల్లోనే కేటలేజ్ ఉంది, బుడగలు అక్కడినుంచి వస్తాయి. కాలనీ పైభాగం మాత్రమే తియ్యాలి.

ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉందో చూసే టెస్టుకి, రీఏజెంట్ తగిలాక పది సెకన్లలో ఊదారంగు రావాలి. నిమిషం తర్వాత వచ్చిన రంగుని చదివేవాళ్ళని చూశాను, అది గాలి తగిలి వచ్చిన రంగు. నైక్రోమ్ లూప్‌తో రుద్దితే ఆ లోహంలో ఉన్న ఇనుము కూడా రంగు తెప్పిస్తుంది, ప్లాటినమో ప్లాస్టిక్కో చెక్క పుల్లో వాడండి. దీని ఉపయోగం మాత్రం చాలా పెద్దది, గ్రామ్ నెగటివ్ బేసిలై (కడ్డీల్లాంటివి) వచ్చినప్పుడు సూడోమొనాస్, విబ్రియో ఒకవైపు, ఈకోలి, క్లెబ్సియెల్లా కుటుంబం ఇంకోవైపు, ఒక్క చుక్కతో విడిపోతాయి.

కోయాగులేజ్ ట్యూబు టెస్టులో ఆరియస్ కుందేలు ప్లాస్మాని గడ్డకట్టిస్తుంది. పెట్టి ఇంటికెళ్ళిపోయి పొద్దున వచ్చి చూస్తే గడ్డ లేదు, నెగటివ్ అని రాసేస్తారు. కానీ కొన్ని ఆరియస్ స్ట్రెయిన్లు గడ్డని కరిగించే ఎంజైమ్ కూడా తయారుచేస్తాయి. రాత్రి కట్టిన గడ్డ తెల్లారేసరికి కరిగిపోయింది, మీరు చూడలేదు, అంతే తేడా. అందుకే నాలుగు గంటల దగ్గర ఒకసారి చూడమని ప్రొసీజర్‌లో ఉంటుంది. ప్రొసీజర్‌లో రాసిన ప్రతి సమయం వెనకా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది, అది తెలిస్తే ఎవరూ చెప్పక్కర్లేకుండానే నాలుగు గంటలకి వచ్చి చూస్తారు.

ఇమ్విక్ (ఇండోల్, మిథైల్ రెడ్, వోగ్స్ ప్రోస్కౌర్, సిట్రేట్) నాలుగు టెస్టులూ మీ పరీక్షల్లో ఎలాగూ వస్తాయి. ఈకోలి ఇండోల్, మిథైల్ రెడ్ పాజిటివ్, మిగతా రెండూ నెగటివ్. క్లెబ్సియెల్లా న్యుమోనియే మామూలుగా దానికి పూర్తిగా తిరగేసి. ఇలాంటివే ఇరవై బుల్లి గుంటల్లో పెట్టి అమ్మే స్ట్రిప్ ఏపీఐ 20ఈ. ఇరవై ఫలితాలకి ఆక్సిడేజ్ కలిపితే ఇరవై ఒకటి, మూడేసి చొప్పున ఏడు గుంపులు, ఒక్కో గుంపులో పాజిటివ్‌లకి 1, 2, 4 విలువలిచ్చి కూడితే ఏడంకెల కోడ్ వస్తుంది. లెక్క అందంగా ఉంటుంది. కల్చర్ కలగలిసి ఉంటే కూడా ఏడంకెలు వస్తాయని మాత్రం మర్చిపోకండి.

మెషీన్ పేరు చెప్పేసింది కదా, ఇంకేం కావాలి?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. మాల్డీ టాఫ్ వచ్చాక, ఒక రోజు పట్టే గుర్తింపు నిమిషాల్లో అయిపోతోంది. కాలనీని లోహపు పలక మీద రాసి, మ్యాట్రిక్స్ ద్రావణం వేసి, లేజర్ కొడితే ప్రోటీన్లు చార్జ్ తెచ్చుకుని గొట్టంలో పరిగెడతాయి, తేలికవి ముందు, బరువైనవి వెనక. సుమారు 2,000 నుంచి 20,000 డాల్టన్ల (అణువుల బరువు కొలత) మధ్య వచ్చే ఆ గీతల వరస, ఎక్కువగా రైబోజోమ్ ప్రోటీన్లవి, ఆ బ్యాక్టీరియాకి వేలిముద్ర లాంటిది. నేను దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను, దీనివల్ల ఎంతోమందికి సరైన మందు ఒక రోజు ముందే అందుతోంది.

కానీ వేలిముద్ర దొరికితే చాలా? పోల్చడానికి రికార్డులో ఆ ముద్ర ఉండాలి. డేటాబేస్‌లో లేనిదాన్ని గుర్తుపట్టలేదు, లేదా దగ్గరి బంధువు పేరు చెప్తుంది. ఇంకా పెద్ద చిక్కు ఈకోలి, షిగెల్లా. ఈ రెండిటినీ మామూలు మాల్డీ పద్ధతిలో నమ్మకంగా విడదీయలేం. ఎందుకంటే జన్యుపరంగా షిగెల్లా అంటే ఈకోలి లోపలిదే, విడివిడి ఇంటిపేర్లు పెట్టుకున్న ఒకే ఇంటివాళ్ళు. రక్త విరేచనాలతో వచ్చిన రోగి నమూనాలో ఈ తేడా ఎంత ముఖ్యం! అప్పుడు ఏం చేస్తాం? మళ్ళీ ట్యూబుల దగ్గరికే వస్తాం. షిగెల్లా కదలదు, లైసీన్‌ని డీకార్బాక్సిలేట్ చెయ్యదు, లాక్టోజ్‌ని వెంటనే పులియబెట్టదు. ఆ మూడూ చూసి, తర్వాత సీరమ్‌తో అగ్లుటినేషన్ చేసి, అంటే అది కలిపితే కణాలు గుంపుకడతాయేమో చూసి, తేలుస్తాం.

16ఎస్ జీన్ సీక్వెన్సింగ్‌దీ ఇదే కథ. కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ 1977లో రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏని పోల్చి చూసి, బ్యాక్టీరియా అనుకుంటున్నవాటిలో కొన్ని అసలు వేరే వంశమని, ఇప్పుడు మనం ఆర్కియా అంటున్నవి, బయటపెట్టారు. ఆ ఆర్‌ఎన్‌ఏకి మూలమైన జీనే 16ఎస్. అది సుమారు 1,500 అక్షరాల పొడవు, ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉంటుంది, కొన్ని భాగాలు అన్నిట్లో ఒకేలా, తొమ్మిది భాగాలు మాత్రం మారుతూ ఉంటాయి. మారని చోట ప్రైమర్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క అంటించి మారే చోటుని చదువుతాం. అద్భుతమైన ఆలోచన. మరి బేసిల్లస్ సీరియస్‌నీ, ఆంత్రాక్స్ తెచ్చే బేసిల్లస్ ఆంత్రాసిస్‌నీ అది విడదీస్తుందా? విడదీయలేదు, రెండిటి 16ఎస్ దాదాపు ఒకటే. ఆంత్రాసిస్ కదలదు, బ్లడ్ అగర్ మీద రక్తాన్ని కరిగించదు, సీరియస్ సాధారణంగా రెండూ చేస్తుంది. మళ్ళీ ప్లేటు దగ్గరికే వచ్చాం, చూశారా?

పీసీఆర్ ఇంకో రకంగా తప్పుదారి పట్టిస్తుంది. చచ్చిపోయిన బ్యాక్టీరియా డీఎన్‌ఏని కూడా అది పట్టుకుంటుంది. రీఏజెంట్‌లో, గ్లవుజు మీద ఉన్నదాన్ని కూడా పట్టుకుంటుంది. అందుకే నమూనా ఏమీ వేయని ట్యూబు ఒకటి ప్రతిసారీ నడపాలి, అందులో కూడా బ్యాండ్, అంటే డీఎన్‌ఏ గీత, వస్తే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాలి, ఎంత మనసు ఒప్పుకోకపోయినా సరే.

1995లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే జీనోమ్ మొత్తం చదివారు, సుమారు 18 లక్షల 30 వేల అక్షరాలు, స్వేచ్ఛగా బతికే జీవి పూర్తి జీనోమ్ చదవడం అదే మొదటిసారి. ఇప్పుడు రెండు జీనోమ్‌లు సగటున 95 శాతం పైగా సరిపోలితే ఒకే స్పీషీస్ అంటున్నాం. ఒక వార్డులో వచ్చిన రెండు ఇన్‌ఫెక్షన్లు ఒకే మూలం నుంచి వచ్చాయా అని తేల్చడానికి దీన్ని మించింది లేదు.

ఇక కల్చర్ చెప్పే అబద్ధాల్లోకల్లా పెద్దది 'నో గ్రోత్'. పెరగలేదు అంటే లేదు అని కాదు. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక సమావేశం తర్వాత న్యుమోనియాతో 30 మందికి పైగా చనిపోయారు, నెలల తరబడి ఏ ప్లేటు మీదా ఏమీ పెరగలేదు. గినీ పందుల్లోనూ కోడిగుడ్లలోనూ పెంచి చివరికి జోసెఫ్ మెక్‌డేడ్ దాన్ని పట్టుకున్నాడు, అదే లెజియోనెల్లా. దానికి సిస్టీన్, ఇనుము కావాలి, మామూలు ప్లేట్లలో అవి సరిపడా లేవు. గ్రామ్ స్టెయిన్‌లో కూడా సరిగ్గా కనబడదు. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబ్యాక్టర్ పైలోరైది వేరే కారణం. దాన్ని కనిపెట్టిన ఆస్ట్రేలియా డాక్టర్లు మార్షల్, వారెన్ కల్చర్లని రెండు రోజులకే పారేసేవాళ్ళు, 1982 ఈస్టర్ సెలవుల్లో ప్లేట్లు ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోతే అప్పుడు పెరిగి కనబడింది. దానికి టైమ్ కావాలి, లెజియోనెల్లాకి వేరే తిండి కావాలి. నో గ్రోత్ అని రాసేటప్పుడు ఏ మీడియాలో, ఎన్ని గంటలు, గాలిలోనా గాలి లేకుండానా అన్నది పక్కన రాయండి. అవి లేని నో గ్రోత్‌ని చదివే డాక్టరు ఏమని అర్థం చేసుకోవాలి?

చివరగా సెన్సిటివిటీ టెస్ట్, అంటే ఆ బ్యాక్టీరియా ఏ మందుకి లొంగుతుందో చూడటం. రోగికి మందు రాసేది దీన్ని చూసే. మందు ఎక్కించిన డిస్కులని బ్యాక్టీరియా పరిచిన అగర్ మీద పెట్టి, చుట్టూ ఏమీ పెరగని జోన్‌ని కొలిచే కిర్బీ బావర్ పద్ధతి 1966లో ప్రామాణికమైంది. మ్యుల్లర్ హింటన్ అగర్ లోతు 4 మిల్లీమీటర్లు ఉండాలి. పల్చగా పోస్తే మందు పక్కలకి ఎక్కువ పాకి జోన్ పెద్దదవుతుంది, రెసిస్టెంట్‌ని సెన్సిటివ్ అంటారు. బ్యాక్టీరియా ద్రావణం 0.5 మెక్‌ఫర్లాండ్ మబ్బుదనానికి సరిపోవాలి, అంటే మిల్లీలీటరుకి దాదాపు 15 కోట్లు. చిక్కగా వేస్తే జోన్ చిన్నదవుతుంది. కంటితో చూసి సుమారుగా కలిపేవాళ్ళు ఒక్కసారి ఆలోచించండి. ఇంకో పొరపాటు, రెండు వేరువేరు మందుల జోన్లు పక్కపక్కన చూసి పెద్ద జోన్ ఉన్నది మంచి మందు అనుకోవడం. కాదు! ఒక్కో మందు అగర్‌లో ఒక్కోలా పాకుతుంది, ప్రతి మందునీ దాని పట్టికలోని కొలతతోనే పోల్చాలి. కొలిస్టిన్ అణువు పెద్దది, అగర్‌లో సరిగ్గా పాకనే పాకదు, దాని డిస్క్ జోన్‌ని నమ్మకూడదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్‌తో, అంటే మందుని ద్రవంలో పలచన చేసుకుంటూ పోయి, ఎంఐసీ (పెరగకుండా ఆపే కనీస మోతాదు) చూడాలి. రెసిస్టెన్స్ జీన్ సీక్వెన్స్‌లో కనబడినా అది పనిచేస్తుందని కాదు, కనబడకపోయినా వేరే దారిలో రెసిస్టెంట్ కావచ్చు. అందుకే జీనోమ్ చదివిన ఈ రోజుల్లో కూడా డిస్క్ పెడుతున్నాం.

టైమ్ అయిపోయింది, ప్రశ్నలు బెంచి దగ్గర మాట్లాడుకుందాం. అక్కడ మూడు ప్లేట్లు పెట్టాను, మూతలకి టేపు వేసి ఉంది, తీయకండి. మూడిటి మీదా ప్యూర్ కల్చర్ అనే లేబుల్ ఉంది, కానీ ఒకటి మాత్రమే ప్యూర్. వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూడండి, ఏది అనుకుంటున్నారో, ఎందుకు అనుకుంటున్నారో కాగితం మీద రాసి ఇవ్వండి. రేపు మూడిటినీ బ్లడ్ అగర్ మీదా మెకాంకీ మీదా స్ట్రీక్ చేద్దాం, ఎల్లుండి పొద్దున మీరు రాసింది ముందు పెట్టుకుని చూద్దాం.